అల్లుడు గారి పులుపు

నమోదు 1

శుద్ధిశాలలో చేరిన ప్రతి శిక్షార్థీ రోజూ నమోదు రాయాలి. పూర్తి వాక్యాలు రాయాలి, జరిగింది జరిగినట్టు రాయాలి, బొమ్మలు వేయకూడదు. ఈ మూడో నియమం నాకంటే ముందు చేరినవాళ్ళెవరి వల్లో వచ్చిందట. నాకు బొమ్మలతో పనిలేదు. నాకు మాటలంటే ఇష్టం. ఈ మధ్యనే మొదలైన ఇష్టం కాబట్టి ఇంకా కొత్త చెప్పుల్లా కరుస్తోంది.

నా పేరు చామంతి. మా ఊరు చంద్రలంక. మా పూర్వీకులు గోదావరి లంకల నుంచి వచ్చి చందమామ మీద ఈ సొరంగంలో దిగినప్పుడు, చుట్టూ చుక్క నీరు లేకపోయినా ఆ పేరే పెట్టుకున్నారు. లంక అంటే నీటి మధ్య నేల. మా చుట్టూ ఉన్నది శూన్యం. అయినా నాలుగు వైపులా ఏదో ఒకటి ఉంది కదా, లంకే అనుకోవచ్చు.

ఇవాళ కొత్త తొట్టి లోపలికి దిగి తోమాను. ఇందులో ఇంకా ఏమీ పోయలేదు కాబట్టి దిగనిచ్చారు. పోశాక దాని దగ్గరికి ఈ జన్మలో ఎవరూ వెళ్ళరు, గోడకి ఇవతల నిలబడి పసుపు గాజు కిటికీలోంచి చూడడమే. చందమామ మీద బరువు తక్కువ కాబట్టి సబ్బు నురగ ఇక్కడ తీరిగ్గా కిందికి దిగుతుంది. అది దిగేవరకు ఆగి, మళ్ళీ తోమి, మళ్ళీ ఆగి, చివరికి తొట్టి అడుగున నా ముఖం కనిపించేంతవరకు తోమాను. మా శాల పెద్ద తాతబ్బాయి గారు పైనుంచి తొంగిచూసి, పెళ్ళిచూపులకి పళ్ళెం తోమినట్టు తోమేవని మెచ్చుకున్నారు.

మా పని ఏమిటంటే, ఊరికి వెలుగిచ్చే రియాక్టర్‌లో కాలిపోయిన ఇంధనాన్ని పక్క శాలవాళ్ళు ఘాటైన యాసిడ్‌లో కరిగించి, పనికొచ్చేది తీసుకుని, మిగిలింది మాకు పంపుతారు. అది వేడిగా, గోధుమరంగులో, మహా పుల్లగా ఉంటుంది. చివరికి దాన్ని గాజులో కలిపి దిమ్మెలుగా పోతపోసి దాచాలి. అంత పులుపు మీద ఉంటే గాజు కొలిమి ఒప్పుకోదు. అందుకని ముందు పంచదార వేసి పులుపు విరవాలి. యాసిడ్ పంచదారను తింటుంది. తింటూ తానే తరిగిపోతుంది. తిన్నదీ తినబడ్డదీ కలిసి పొగై గొట్టంలోంచి పోతాయి. ఇంత అందమైన సంగతిని పాఠంలో రెండు ముక్కల్లో చెప్పేశారు.

మా శాలలో తొట్టిని అల్లుడు గారు అంటారు. ఎందుకని అడిగాను.

"వేడెక్కువ, కోపం ఎక్కువ, వెళ్ళమని చెప్పలేం, ఏం కావాలో నోరు తెరిచి చెప్పడు" అన్నారు తాతబ్బాయి గారు. "ఇంకేం పేరు పెడతావమ్మడూ?"

ఎగువగట్టు ఊళ్ళో పంచదారను మర వేస్తుందట. మా వాళ్ళకి ఆ సంగతి తలుచుకుంటేనే సిగ్గు. ఇంటికొచ్చిన మనిషికి మర చేత వడ్డించడం ఏమిటని వాళ్ళ బాధ. ఇక్కడ గోడకి ఇవతల ఒక గరాటు ఉంది, పక్కన పంచదార సంచి, ఒక పెద్ద గరిటె. మనిషి నిలబడి తన చేత్తో వడ్డిస్తాడు.

వచ్చే వారం ఆ ఎగువగట్టు నుంచే తనిఖీ అధికారి రుద్రాణి గారు వస్తున్నారు. మా పద్ధతి ఆవిడకి నచ్చకపోతే శాల తలుపుకు ముద్ర వేసి, మా పులుపు నీళ్ళన్నిటినీ గొట్టంలో వాళ్ళ ఊరికి తోలేసుకుంటారు. అప్పుడు నేను తోటకూర విభాగానికి వెళ్ళాలి. తోటకూర మంచిదే. కానీ దాంట్లో కొత్తగా తెలుసుకోవలసిన మాట ఒక్కటీ లేదు. తాతబ్బాయి గారు ఎక్కడికి వెళ్తారో ఎవరూ చెప్పలేదు. ఆయన నలభై ఏళ్ళుగా ఈ గరాటు దగ్గర తప్ప ఇంకెక్కడా నిలబడలేదు.

నమోదు 2

పొద్దున్న కొత్త తొట్టి నింపారు. పాత తొట్టికి వయసైందని పక్కన నిలబెట్టారు. దాన్నిప్పుడు మామగారు అంటున్నారు.

తాతబ్బాయి గారు చేతులు కడుక్కుని, గరాటు ముందు నిలబడి, కొలత ప్రకారం పంచదార వేశారు. గింజలు ఒక్కొక్కటీ తొందరేమీ లేకుండా కిందికి వెళ్ళాయి. లెక్క ప్రకారం కిటికీలో బుడగలు కనిపించాలి, గొట్టం మీది గాజులో ఎర్రటి పొగ కనిపించాలి. పాత తొట్టి అయితే గరిటె సంచిలోకి వెళ్ళేలోపే జవాబు చెప్పేదట.

ఈ కొత్త అల్లుడు గారు ఏమీ అనలేదు. మేం ముక్కు గాజుకి ఆనించి చూశాం. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉలుకు, పలుకు అనే జంట మాటలు ఎప్పుడూ లేకపోవడానికే పుట్టాయేమో. ఉలుకు ఉంది, పలుకు ఉంది అని ఎవరైనా అనగా నేను వినలేదు.

"కొత్త కదా" అన్నారు తాతబ్బాయి గారు. "మొహమాటం."

నమోదు 3

నేటికీ పొగ లేదు.

శాలలో ముగ్గురు వంతులవారీగా పనిచేస్తారు. పొద్దుటి వంతు తాతబ్బాయి గారిది. మధ్యాహ్నం మంగతాయారు పిన్ని. ఆవిడ నాకు బంధువు కాదు, ఊరందరికీ పిన్నే. మూడో వంతు సోంబాబు. అతనికి ఎవరిని చూసినా ఒక వెటకారం తడుతుంది. నేను శిక్షార్థిని కాబట్టి ముగ్గురి దగ్గరా కొంచెం కొంచెంసేపు ఉంటాను. ఇది పని నేర్చుకోవడానికి మంచిది. రహస్యాలు దాచడానికి మంచిది కాదని ఇవాళ తెలిసింది.

టీ తాగే గదిలో తాతబ్బాయి గారు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పారు.

"ఎవరితోనూ అనకమ్మడూ. నిన్న వంతు దిగబోయే ముందు నాలుగు గరిటెలు కొసరి వేసేను. మొదటిసారి మనింటికొచ్చేడు. ఆ కొలతేంటి, పిట్టకి పెట్టినట్టు."

ఆయన ముఖంలో ఎంత సంతోషం ఉందంటే, నాకు బాగా చేశారండీ అనే మాట తప్ప ఇంకేమీ రాలేదు.

మధ్యాహ్నం మంగతాయారు పిన్ని కూడా నన్ను పక్కకి పిలిచారు. తాతబ్బాయి గారు కొలత గీటు దాటని మనిషి, ఆయనకి తెలిస్తే ఊరుకోరు కాబట్టి నీకే చెప్తున్నాను అన్నారు. తన వంతులో గిన్నెడు పంచదార విడిగా పెట్టుకుని, తొట్టి వంక చూసి రెండు మంచి మాటలు చెప్తూ కొంచెం కొంచెంగా మొత్తం వేసేశారట. "వంచిన తల ఎత్తలేదే పాపం" అని కళ్ళు తుడుచుకున్నారు. తొట్టికి తల ఎక్కడుందో నేను అడగలేదు.

సోంబాబు అయితే తనేమీ వేయలేదన్నాడు. గరిటె జారిందన్నాడు. ఎన్నిసార్లు జారిందని అడిగాను.

"జారడానికి లెక్కేంటి? నువ్వు పరీక్షాధికారివా? జారినప్పుడల్లా జారింది."

కొసరి కొసరి అనే మాట నాకు ఎంతో ఇష్టం. వింటుంటేనే కడుపు నిండినట్టుంటుంది. ఇవాళ మాత్రం విన్న ప్రతిసారీ ఎక్కడో గుబులు పుట్టింది. ముగ్గురూ ఒకరికొకరు తెలియకుండా కొసరుతున్నారు. ముగ్గురి సంగతీ తెలిసింది నా ఒక్కదానికే.

నమోదు 4

పొగ లేదు. ఎదురుచూపు ఉంది. సంచి కూడా సన్నబడింది, ఎవరూ దాని వైపు చూడడం లేదు.

పొద్దున్న భోజనశాలలో పెరుగు తోడుకోలేదు. పాలు పాలుగానే ఉన్నాయి. గిన్నెని బాగా తోమేశారు, నిన్నటి పెరుగు చుక్క కూడా మిగల్చకుండా తినేశారు, ఇక తోడు ఎక్కడినుంచి వస్తుందని వంటాయన అందరి మీదా విసుక్కున్నాడు. నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను.

పాత తొట్టి అడుగున ఎప్పుడూ వెనకటి పులుపు నీళ్ళ మడ్డి కొంచెం ఉండేది. పంచదార పడగానే పని మొదలయ్యేది ఆ మడ్డి వల్లే. అదే తోడు. పాఠంలో కూడా ఉంది: మొదలవడానికి ఆలస్యం చేస్తుంది, మొదలైతే తొందర చేస్తుంది. కొత్త తొట్టిలో మడ్డి లేదు. ఎందుకు లేదంటే నేను ముఖం కనిపించేదాకా తోమాను. మొహమాటం కాదు, అలక కాదు, అల్లుడు గారికి తోడు లేదంతే.

పరుగున వెళ్ళి తాతబ్బాయి గారికి చెప్పాను. ఆయన తల ఊపి, నా వీపు తట్టారు. మామగారి అడుగునుంచి రెండు చుక్కల మడ్డి గొట్టంలో పంపిస్తే చాలు, అల్లుడు గారు పలుకుతాడన్నారు. నేను మురిసిపోయాను.

మురిశాక గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ వేసిన పంచదార అంతా ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. కొలత వేసినది, నాలుగు గరిటెలు కొసరినది, గిన్నెడు, జారినది. ఇప్పుడు తోడు వేస్తే అదంతా ఒకేసారి మొదలవుతుంది. పైగా ఇక్కడ నురగ తొందరగా దిగదు, పేరుకుంటూ పైకి పోతుంది. తొట్టి మెడ దాటి పొగగొట్టంలోకి పోయిందంటే గొట్టం పూడుకుపోతుంది, శాల తలుపులు మూసి ఏళ్ళ తరబడి ఎవరూ లోపలికి వెళ్ళకూడదు.

ఈ రెండో సగం చెబుదామని నోరు తెరిచాను. అదే క్షణంలో మంగతాయారు పిన్ని లోపలికి వచ్చారు, ఆవిడ వెనక సోంబాబు. ఆయన దగ్గర ఆవిడ గిన్నె సంగతి చెప్పాలి, ఆవిడ దగ్గర ఆయన గరిటెల సంగతి చెప్పాలి. అందరికన్నా చిన్నదాన్ని. తెరిచిన నోటిని ఆవులింతగా మార్చి మూసేశాను.

తాతబ్బాయి గారు అప్పటికే ఇంకో ఆలోచనలోకి వెళ్ళిపోయారు. తోడు ఇప్పుడే వేయొద్దు, తనిఖీకి అమ్మగారు వస్తున్నారు కదా, ఆవిడ చేతుల మీదుగా వేయిద్దాం, అంత దూరం నుంచి వచ్చే మనిషికి ఆ మాత్రం గౌరవం చెయ్యకపోతే ఏం బాగుంటుంది అన్నారు. అందరూ అవునన్నారు. నేనూ అవునన్నానేమోనని అనుమానంగా ఉంది.

నమోదు 5

మొహమాటం గురించి ఇవాళ చాలాసేపు ఆలోచించాను. మాట పలకగానే మెత్తగా ఉంటుంది, పట్టుకుంటే వేలు దిగబడిపోయేలా. ఎదుటివాళ్ళ ముఖం చూస్తే మన ముఖం చెల్లదు, అదే కాబోలు. దాని బరువు ఎంతో కొలిచే పరికరం శాలలో లేదు.

చుట్టుతిప్పి చెప్పి చూశాను. టీ దగ్గర, అతిథికి మరీ ఎక్కువ పెట్టేస్తే ఏమవుతుందండీ అని అడిగాను.

"ఎక్కువ పెట్టడం అని ఒకటి ఉంటుందేంటి?" అన్నారు తాతబ్బాయి గారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

మంగతాయారు పిన్నికి పాలు పొంగిన కథ ఒకటి అల్లి చెప్పాను. ఆవిడ కథ పూర్తిగా విని, పాలు పొంగడం శుభమేగా అన్నారు. సోంబాబుకి ఏకంగా, గరిటె ఇక జారకుండా చూసుకో అన్నాను. అతను గరిటె పిడికి గుడ్డ చుట్టి నాకు చూపించాడు. గుడ్డకి అంటుకున్న పంచదార చూస్తే గరిటె ఈపాటికే ఇంకో రెండుసార్లు జారినట్టు అనిపించింది.

రుద్రాణి గారు రేపు వస్తారు.

నమోదు 6

జరిగింది జరిగినట్టు రాస్తాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, క్షమించాలి.

రుద్రాణి గారు సన్నగా, పొడుగ్గా, తెల్ల జుట్టుతో ఉన్నారు. భుజాన సంచిలో ముద్ర వేసే సరంజామా ఉంది. మాటకి మాట తూచి వేస్తారు. టీ తాగే గదిలో అడుగు పెట్టగానే మంగతాయారు పిన్ని ఆవిడ చేతిలో మంచినీళ్ళు, టీ, మళ్ళీ మంచినీళ్ళు పెట్టారు. ఆవిడ అన్నీ తాగారు. వద్దనడం ఆవిడకీ రాదని అప్పుడే కనిపెట్టాను.

తొట్టి ఎందుకు మొదలవలేదని ఆవిడ అడిగారు. తోడు లేకండీ, అది మీ చేతుల మీదుగా వేయిద్దామని ఆగేమండీ అన్నారు తాతబ్బాయి గారు. పంచదార కొలత ప్రకారమే వేశారా అని అడిగారు. ముగ్గురూ ఒకేసారి, ఒకే గొంతుతో, ఆయ్ అన్నారు. ఒక్కొక్కరూ మిగతా ఇద్దరూ నిజమే చెప్తున్నారని నమ్ముతున్నారు. నేను నా బూట్ల వంక చూశాను.

మామగారి గొట్టం మీద ఒక చిన్న చక్రం ఉంది. ఒక తిప్పు తిప్పితే మడ్డి ఒక చుక్క వెళ్తుంది. చక్రానికి పువ్వుల దండ కట్టారు, దాని మీద చెయ్యి జారుతోంది. రుద్రాణి గారు దండని పక్కకి జరిపి ఒక తిప్పు తిప్పారు.

కిటికీలో మొదట ఒక బుడగ. దాని పక్కన ఇంకోటి. గొట్టం గాజులో లేత ఎరుపు. తాతబ్బాయి గారి కళ్ళు చెమర్చాయి. పలికేడు, పలికేడు అని నెమ్మదిగా అన్నారు. ఆ గొంతు విన్నాక అడ్డుపడాలని ఎవరికుంటుంది.

రుద్రాణి గారు చెయ్యి తీయబోయారు.

"అదేంటండీ, ఒక్క తిప్పేనా?" అన్నారు తాతబ్బాయి గారు. "మా దగ్గరికొచ్చి ఒక్క తిప్పుతో సరిపెడితే మాకేం బాగుంటుందండీ? ఇంకోటి తిప్పండి. మా తృప్తి కోసం."

మంగతాయారు పిన్ని కూడా, మూడు తిప్పితే మంచిదండీ, రెండు బాగోదు అన్నారు. రుద్రాణి గారికి ఇష్టం లేదు. ఆవిడ ముఖంలో కనిపిస్తోంది. అయినా ఆవిడ చెయ్యి మళ్ళీ చక్రం మీదికి వెళ్ళింది. ఇందాకటి టీ లాగే.

కిటికీలో నురగ అప్పటికే వేలెడు లేచింది.  నేను పోగుచేసుకున్న మాటల్లో ఏ ఒక్కటీ రాలేదు. ఏమైతే అదయిందని వెళ్ళి, రెండు అరచేతులూ పరిచి చక్రాన్ని కప్పేశాను. విస్తరి మీదికి గరిటె వస్తుంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటామే, అచ్చం అలాగ. ఒంగిపోయి, మోచేతులు కూడా అడ్డం పెట్టి.

"చాలు" అన్నాను.

అందరూ ఆగిపోయారు. ఎన్ని కారణాలు చెప్పినా ఆగేవాళ్ళు కారు, కానీ ఆ చేతులు చూసి ఆగారు. అలా చేతులు పరిచిన విస్తరిలో మాత్రం మా ఊళ్ళో ఎవరూ వడ్డించరు.

"చాలండీ. ఆయన కడుపు నిండిపోయింది. తాతబ్బాయి గారు కొసరి వేశారు, పిన్ని గిన్నెడు వేశారు, సోంబాబు గరిటె జారింది. అంతా లోపలే ఉంది."

ఒకరినొకరు చూసుకోవడానికి వాళ్ళకి సమయం దొరకలేదు, నురగ లేచింది. కిటికీ కింది సగం తెల్లబడింది, తర్వాత పై సగం. ఇక్కడ ఏదీ తొందరగా పడదు, కాబట్టి ఏదీ తొందరగా దిగదు. పొగ ఎర్రగా, చిక్కగా మారింది. రుద్రాణి గారు ఒక్క గంతులో గోడ దగ్గరికి వెళ్ళి తొట్టి చుట్టూ తిరిగే చల్లనీళ్ళు పూర్తిగా వదిలారు. సోంబాబు ఆ నీళ్ళ పంపు మీద పడ్డాడు. మంగతాయారు పిన్ని వంటింట్లోంచి నెయ్యి తెస్తాను, చుక్క వేస్తే పొంగు కూర్చుంటుంది అని బయల్దేరారు.

"నెయ్యి వేస్తే శాల లేచిపోతుంది" అన్నారు రుద్రాణి గారు, తిరిగి చూడకుండానే. ఆ యాసిడ్‌లో నూనె, నెయ్యి లాంటివి పడకూడదని పాఠంలో మొదటి పేజీలోనే ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడిపోయారు.

నురగ మెడ దాకా వచ్చింది. మెడలోకి వచ్చింది. గొట్టం మొదట్లో ఉన్న గాజులో దాని తెల్లటి అంచు కనిపించింది. నేనింకా చక్రం మీదే వాలి ఉన్నాను, తీయమని ఎవరూ చెప్పలేదు. అంచు అక్కడ ఆగింది. వెళ్దామా వద్దా అన్నట్టు ఆగింది. తర్వాత, ఎవరి మీదా కోపం లేనట్టు, మెల్లగా, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అది పూర్తిగా దిగేలోపు అందరం రెండేసి టీలు తాగవచ్చు, కానీ ఎవరూ ఎవరికీ టీ ఇవ్వలేదు.

అప్పుడు రుద్రాణి గారు తిరిగి, ఎవరెంత వేశారో చెప్పండి అన్నారు.

తాతబ్బాయి గారు నాలుగు గరిటెలన్నారు. కాస్త ఆగి, రోజూ అన్నారు. పిన్ని గిన్నె సైజు చేతులతో చూపించారు, ముందు చిన్నగా, తర్వాత పెద్దగా. సోంబాబు పిడి గుడ్డ విప్పుతూ, అన్నీ కలిపితే మీ గిన్నెకన్నా నా జారుడే పెద్దదేమో పిన్నీ అన్నాడు. అతను వెటకారం లేకుండా మాట్లాడడం అదే మొదటిసారి. తాతబ్బాయి గారు నా వంక చూడలేదు.

నమోదు 7

తలుపుకు ముద్ర పడలేదు. ఇంకా పడలేదు అని రాయాలి.

కొత్త తొట్టిలో ఉన్నదాన్ని అలాగే వదిలేస్తే ఎప్పుడు మళ్ళీ పొంగుతుందో తెలియదు. రుద్రాణి గారు లెక్కలు వేసి, మామగారు ఇంకా గట్టిగానే ఉన్నాడు కదా అని అడిగారు. ఆవిడ నోట మామగారు అనే మాట వినగానే పిన్ని మెత్తబడ్డారు. పద్ధతి ఇది: వేడి చేసిన మామగారిలోకి అల్లుడు గారి ఎక్కువైన భోజనాన్ని చుక్క చుక్కగా పంపాలి. అక్కడ మడ్డి ఉంది కాబట్టి చుక్క పడ్డ వెంటనే పని జరిగిపోతుంది, పేరుకోదు. ఎక్కువైన పంచదారకి సరిపడా పక్క శాల నుంచి కొత్త పులుపు నీళ్ళు కలపాలి. చివర్లో మిగిలిన పులుపుకి కొంచెం కొంచెంగా చేత్తో పంచదార వేసి, పులుపు కొలిచే ముల్లుని గీటు మీదికి తేవాలి.

"చేత్తోనే వెయ్యండి" అన్నారావిడ. "మర పెట్టమని నేను అనను. కానీ ఈ శాలలో చాలు అంటే ఆగే చెయ్యి ఒక్కటి నాకు చూపించండి. చూపిస్తే సంతకం పెడతాను. లేకపోతే ముద్ర వేసి వెళ్తాను."

చాలు అనేదెవరని సోంబాబు అడిగాడు. అందరూ నా వంక చూశారు. ముల్లు చూసి ఆ మాట చెప్పడం నా పని. ఆగడం తాతబ్బాయి గారి పని. ఎందుకంటే గరిటె ఆయనది, ఇంకెవరూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.

రెండు వంతుల పొడుగునా మామగారు చుక్కా చుక్కా తింటూ, చిన్న చిన్న ఎర్రటి పొగలు వదులుతూ కూర్చున్నాడు. తాతబ్బాయి గారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. పలకరిస్తే క్షమించమని అడుగుతాను, అడిగితే ఆయన క్షమిస్తారు, ఆ తర్వాత చాలు అనడం నా వల్ల కాదు.

నమోదు 8

చేత్తో వేసే రోజు ఇదే. మామగారి గరాటు ముందు తాతబ్బాయి గారు, ముల్లు ముందు నేను, కుర్చీలో రుద్రాణి గారు, ఆవిడ ఒళ్ళో ముద్ర. పిన్ని, సోంబాబు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

మొదటిసారి, ముల్లు గీటుకి ముందున్న మొదటి గుర్తు చేరగానే చాలు అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. ఆగి, కొంచెం ఒంగింది. ఇంకో పిడికెడు జారింది.

"అది వేసింది కాదండీ" అన్నారాయన రుద్రాణి గారితో. "గరిటెకి అంటుకున్నది."

ఆవిడ ముద్రని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టారు.

రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను. ఈసారి ఆయన గరిటె పక్కకి తీసేసి, ఎడం చేత్తో సంచిలోంచి చిటికెడు తీసి వేశారు. ఎడం చేత్తో వేసినట్టు ఆయనకే తెలియలేదు. చేతి వంక చూసుకుని ఆశ్చర్యపోయారు. సోంబాబు నవ్వాపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. రుద్రాణి గారు ముద్ర మూత తీశారు.

ఇక మిగిలింది ఒక్క గుర్తే, దాని మీదే గీటు ఉంది. గీటు దాటితే గాజు పోతకి పనికిరాదు. ఆయన సంచిలో గరిటె ముంచారు, నిండుగా తీశారు. గరాటు మీద కొంచెం వంచారు. గింజలు వరుసగా దిగాయి. ముల్లు కదిలింది, కదిలింది, గీటు మీద వాలింది.

గరిటెలో సగం మిగిలి ఉంది.

ఆయన ముఖం చూశాను. చూడకూడదనుకున్నాను, చూశాను. నలభై ఏళ్ళుగా ఎవరినీ అర్ధాకలితో లేపని మనిషి ముఖం అది. పెట్టనివ్వమ్మా, ఈ ఒక్కటీ, అని అడుగుతోంది. నాకు మొహమాటం ముంచుకొచ్చింది. దాన్ని అలాగే ముంచుకురానిచ్చి, దాని లోపల నిలబడే అన్నాను.

"చాలు, తాతబ్బాయి గారూ."

గరిటె ఇంకాస్త వంగింది. ఒక గింజ అంచుదాకా వచ్చింది. ఆయన గరిటెని నిలువుగా ఎత్తి పట్టుకున్నారు.

గింజ పడలేదు.

రుద్రాణి గారు ముద్రకి మూత పెట్టి, కలం తీశారు. కానీ సంతకం చేయలేదు, ఆగారు. ఎందుకంటే తాతబ్బాయి గారు ఇంకా గరిటె పట్టుకునే ఉన్నారు. మా ఊళ్ళో వడ్డించడానికి తీసింది తిరిగి గిన్నెలోకి పోదు. ఎవరో ఒకరు తినాలి. శాలలో ఏదీ నోట పెట్టకూడదు, శాలలోకి వచ్చింది బయటికి తీసుకుపోకూడదు. గరాటులో వేయకూడదు. ఆయన అటు చూశారు, ఇటు చూశారు, సగం గరిటె పంచదారతో నలుగురి మధ్యా నిలబడిపోయారు. పిన్ని కొంగు వేళ్ళకి చుట్టుకున్నారు.

నేను వెళ్ళి ఆయన చేతిలోంచి గరిటె తీసుకున్నాను. ఇచ్చేశారు. సంచి మూతి వెడల్పు చేసి, గరిటె వంచి, పంచదారని తిరిగి సంచిలో పోసేశాను. పిన్ని చెంపలు వేసుకున్నారు. గింజలు ఎప్పటిలాగే తొందరపడకుండా, ఒకదాని వెనక ఒకటి, వచ్చిన చోటికే దిగుతూ ఉంటే అందరం చూస్తూ నిలబడ్డాం. చివరి గింజ పడ్డాక రుద్రాణి గారి కలం కదిలిన చప్పుడు వినిపించింది.

తాతబ్బాయి గారు కిటికీ దగ్గరికి వెళ్ళి గాజు మీద చెయ్యి వేశారు. చాలాసేపటికి నాతో మాట్లాడారు.

"సగం ఆకలితో పంపేసేవు కదమ్మడూ" అన్నారు. "రేపటి తొట్టి దగ్గర కూడా నువ్వే నిలబడు."